గోవింద్‌ను చూసిపోవడానికి వచ్చారు

గోవింద్ చొక్కా గుండీలు పెట్టుకుంటుండగా వాకిట్లో ఆటో ఆగింది. అనూరాధకి ఒళ్లు మండిపోయింది. నెలల తరబడి విశాఖలో మానసిక వైద్యం చేయించుకుని వచ్చిన తమ్ముడు ఇవాళే మొదటిసారి ట్రాక్టర్ల షెడ్డులో పనికి వెళ్తానన్నాడు. వాడెక్కడ బెదిరిపోతాడోనని, షెడ్డు ఎదుటి టీకొట్టులో సాయంత్రం దాకా కూర్చోవాలని, రాజాం కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పే అనూరాధ సెలవు కూడా పెట్టింది. సరిగ్గా ఈ వేళకే దిగాలా ఈ జనం!

దిగింది నరసన్నపేట పెద్దమ్మ కూర్మమ్మ, ఆవిడ కోడలు. చేతిలో అరటిపళ్లు, హార్లిక్స్ సీసా. ఒంట్లో బాగోలేని మనిషిని చూసి రాకపోతే తప్పని మనవాళ్ల లెక్క. జ్వరానికైతే సరే, దీనికీ అంతేనా? ఇంతకుముందు వచ్చినవాళ్లు గోవింద్ ముఖంలోకి సినిమా చూసినట్టు చూసిపోయారు. ఆ తరవాత వాడు చాలా రోజులు గది దాటలేదు. ఇప్పుడూ ఆటో చప్పుడు వినగానే లోపలికి పోయి గడియ వేసుకున్నాడు.

"గుంటడెక్కడే? ఓపాలి సూసి ఎల్లిపోతాం," అంది కూర్మమ్మ చాప మీద చతికిలబడుతూ.

అనూరాధ ఇక ఆగలేకపోయింది. "పెద్దమ్మా, లండన్లో వెనకటికి ఓ పిచ్చాసుపత్రి ఉండీది. బయటికి రాజుగారి మేడలా కట్టినారు. పునాది సరిగా లేక గోడలన్నీ బీటలిచ్చీసినాయి. పండగొస్తే సాలు, జనం పిల్లల్ని ఎంటబెట్టుకొని వచ్చి, లోపలున్నోల్లని సూసి నవ్వుకొని పోయీవోరు. సుమారు వందేళ్లు సాగింది ఆ తీర్తం!"

"అయ్యయ్యో, ఆల్ల సేతులు పడిపోనూ! అలాటోల్లూ ఉంతారేటే?" కూర్మమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అది దొంగ ఏడుపు కాదు, నిజంగానే ఏడ్చింది. ఆ తడి ఆరకముందే గది వైపు తిరిగి, "ఒరే గోవిందూ, ఇంటన్నావేట్రా? బయటికి రా నాయినా, సూసీసి పోతాం," అంది.

అనూరాధ తల పట్టుకుంది. ఈవిడకి చెప్పేకంటే గోడకి చెప్పుకోవడం నయం.

గడియ తీసిన చప్పుడైంది. గోవింద్ బయటికొచ్చి పెద్దమ్మ ఎదురుగా నిలబడ్డాడు. ముఖం పాలిపోయి ఉంది.

"సూసినావా పెద్దమ్మా? నాను పనికెల్తన్నాను," అని గుమ్మంలో చెప్పులు తొడుక్కున్నాడు.

అనూరాధ గబగబా బ్యాగు అందుకుంది. "ఉండరా, నేనూ వస్తన్నాను."

"నువ్వెందుకక్కా?"

"ఊరికే. టీకొట్టులో కూకుంటాను. నీ పని నువ్వు సేసుకో."

గోవింద్ గొంతు పెంచలేదు. "ఆ లండనోల్లు కాసేపు సూసి పోయీవోరు. నువ్వు పొద్దల్లా సూస్తానంతన్నావు," అని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

అనూరాధ బ్యాగు కింద పెట్టేసింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. వీధి మలుపు దాకా వెళ్లి, వాడు సరిగ్గా నడుస్తున్నాడో లేదో ఒక్కసారి చూసి రావాలని కాళ్లు లాగాయి. తలుపు దగ్గరగా వేసి, లోపలికి వచ్చి పెద్దమ్మకి టీ పెట్టింది.