మెట్ల మీద పడిన పిల్ల

శనివారం వచ్చిందంటే బస్టాండు పక్కనున్న ఆ లాడ్జిలో పల్లవికి ఊపిరి సలపదు. కొండ దిగినవాళ్లు గంటసేపు కునుకు తీసి గది ఖాళీ చేస్తారు. కొండెక్కేవాళ్లు అప్పటికే తలుపు బయట నిలబడి ఉంటారు. గుండ్లకు పూసుకున్న గంధం అంటి దిండు గలీబులన్నీ పచ్చగా అయిపోయి ఉంటాయి. ముప్పై రెండు గదుల్లో వాటిని మార్చి, దుప్పట్లు మార్చి, బాత్రూములు కడగడానికి ఉన్నది ఇద్దరే ఆడవాళ్లు. ఆరున్నరకల్లా పనిలో ఉండాల్సిన పల్లవి, ఆ శనివారం ఆరుంబావుకి కూడా కొర్లగుంటలో తన ఇంట్లోనే కూతురికి జడ వేస్తోంది.

"అమ్మా, ఈ పొద్దు చార్టు తీసుకోని పోవల్ల," అంది నందిత. ఎనిమిదేళ్ల పిల్ల.

"ఏం చార్టు?"

"తెల్లది. మిస్సు మొన్ననే సెప్పింది. నేను మర్సిపోయినా."

ఆ తర్వాత జరిగింది పల్లవికి వరసగా గుర్తుండదు. ఎప్పుడూ అంతే. చెవుల్లో హోరుమంటుంది, ఆ హోరు తగ్గేసరికి చేతిలో గంటె ఉంటుంది. పిల్ల గ్యాసు సిలిండరు పక్కన మూలకి నక్కి, మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది. దెబ్బ మోచేతి కింద పడింది. నందిత ఏడవలేదు. ఏడిస్తే ఇంకొకటి పడుతుందని ఆ పిల్లకి ఎప్పుడో తెలుసు.

పల్లవి పెరిగింది కార్వేటినగరంలో. వాళ్లమ్మ కూడా గంటెతోనే కొట్టేది. కొట్టిన సాయంత్రం బెల్లం కలిపి దోసె పోసి, బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఏడ్చేది. తీపి దోసెను పల్లవి ఇప్పటికీ ముట్టదు. తనకు బిడ్డ పుడితే వేలు కూడా తగలనివ్వనని ఒట్టు పెట్టుకుంది.

నాలుగేళ్ల కిందట బాప్తిస్మం తీసుకున్నప్పుడు, ఈ కోపం కూడా ఆ నీళ్లలోనే పోయిందనుకుంది. మూడు నెలలు నిజంగానే పోయింది. తర్వాత ఒకరోజు ఉన్నట్టుండి తిరిగొచ్చింది. అప్పట్నుంచీ ఒకటే వరస. కొట్టడం, తలుపు వేసుకుని మోకాళ్ల మీద పడి ఏడవడం, శుక్రవారం ఉపవాసం, ఆదివారం ముందుకు వెళ్లి ప్రార్థన చేయించుకోవడం. గుండె తేలికయ్యేది. ఆ తేలికతో రెండు వారాలో మూడు వారాలో గడిచేవి. మళ్లీ మొదటికే.

తర్వాతి బుధవారం బడిలో తల్లిదండ్రుల్ని రమ్మన్నారు. టీచరు స్రవంతి చిన్న వయసుది, మనసున్న మనిషి.

"నందిత బాగా చదవతాదండి. కానీ ఊరికే మెట్ల మీద పడతా ఉండానని చెప్తాది. నెలకొక దెబ్బ. పోయిన వారం చెయ్యి వాచిపోయి ఉండాది. ఒకసారి కళ్లు చూపించండి."

పల్లవి తల ఊపింది. నేలమట్టంగా ఉండే ఆ వరస ఇళ్లలో వాళ్లది మూడో గది. వాళ్ల ఇంటికి మెట్లు లేవు.

టీచరు చెప్పాక తీసుకెళ్లకపోతే అనుమానం వస్తుందని భయపడి, మరుసటి రోజే పిల్లను కంటి ఆసుపత్రికి తీసుకెళ్లింది. గోడకున్న అక్షరాలు చదివించే అమ్మాయి పావుగంట తంటాలు పడి, పల్లవిని పక్కకి పిలిచింది.

"పెద్దక్షరాలన్నీ తప్పు చెప్తా ఉందక్కా. మర్చిపోయి ఒక్కోసారి అడుగున ఉండే చిన్నది టక్కున చెప్పేస్తా ఉంది. మిషన్లో కూడా పెట్టి చూసినాం. కళ్లకేమీ లేదు. కావాలనే తప్పు చదవతా ఉంది."

బయట బోండాల బండి దగ్గర ఆగి పల్లవి అడిగింది. "ఎందుకట్ల సదివినావు?"

నందిత రెండడుగులు వెనక్కి జరిగింది. "కండ్లు బాగుండాయంటే మిస్సు మళ్లీ అడగతాది గదమ్మా. ఎట్ల పడినావని. అప్పుడు నిన్నేమన్నా అంటారని."

ఈసారి హోరు రాలేదు. పల్లవి ఆ బండి పక్కనే, ఎండలో, ఫుట్‌పాత్ మీద కూలబడింది. తన కడుపున పుట్టిన బిడ్డ తనకు భయపడుతుందని తెలుసు. తన కోసం అబద్ధాలు అల్లి కాపలా కాస్తోందని తెలీదు.

ఆదివారం గుడిలో పాస్టరుగారు ప్రార్థన కావాల్సినవాళ్లను ముందుకు రమ్మన్నారు. పల్లవి అలవాటుగా లేచి నిలబడింది. ముందుకు వెళ్తే కన్నీళ్లు వస్తాయి, గుండె తేలికవుతుంది. తేలికయ్యాక ఏం జరుగుతుందో కూడా తెలుసు. అది తలుచుకోగానే భయం వేసింది. తిరిగి చాప మీద కూర్చుంది. ఆ రోజు ఆమె నోట ఒక్క మాట ప్రార్థన కూడా రాలేదు.

అందరూ వెళ్లాక నిర్మలమ్మ ఒక్కతే చాపలు చుడుతోంది. రిటైరైన నర్సు, స్త్రీల ప్రార్థన కూడిక నడిపించేది ఆమే. ఇల్లు పల్లవి వాళ్ల సందులోనే.

"అక్కా, నేను నా బిడ్డను కొడతా ఉండాను."

"కోపమొస్తే ఒక దెబ్బ ఎవురైనా..."

"అట్ల కాదక్కా. గంటెతో కొడతాను. వాతలు తేలేట్టు. మా యమ్మ నన్ను కొట్టినట్టు."

నిర్మలమ్మ చాప కింద పెట్టింది. పల్లవి ఏదీ దాచకుండా చెప్పింది. కంటి ఆసుపత్రి సంగతి కూడా చెప్పింది.

"కొట్టిన ప్రతిసారీ ప్రభువు కాడ ఏడ్సినానక్కా. ఉపవాసాలుండినాను. ఎందుకు తీసెయ్యడు నాలోంచి దీన్ని?"

"ఆయన కాడ ఏడ్సినావు సరే. పాప కాడ ఎప్పుడన్నా తప్పు ఒప్పుకున్నావా?"

పల్లవి తల అడ్డంగా ఊపింది.

"మీ ఆయనకి సెప్పినావా? టీచరుకి?"

"ఎట్ల సెప్పేదక్కా? ఏమనుకుంటారు నన్ను?"

"ప్రభువు క్షమించినాడని నమ్మినదానివి, ఇంకా దాసిపెట్టేదానికి ఏముండాది మే? దెబ్బలు తినింది ఆ బిడ్డ. ఏడ్సి తేలికయ్యేది నువ్వు." నిర్మలమ్మ గొంతు కఠినంగానే ఉంది. కానీ పల్లవి చెయ్యి పట్టుకుంది. "కోపమొస్తే గడప దాటి నా ఇంటికి రా. పగలైనా, రాత్రయినా. రాకపోతే నేనే వచ్చి అడగతాను. ఇంకొక మాట. మళ్లీ ఆ బిడ్డ ఒంటిమీద వాత కనపడితే నేనే పోయి బడిలో సెప్తాను. నీమీద ప్రేమ లేక కాదు."

ఇంటికి వచ్చి పల్లవి కూతురికి ఎదురుగా నేలమీద కూర్చుంది.

"నువ్వు మెట్ల మీద పడలేదు. నేను కొట్టినాను. తప్పు నాది, నీది కాదు. ఇంక ఎవురడిగినా నిజమే సెప్పు."

నందిత ఆమె చేతుల వంకే చూస్తూ ఉంది. "నిజం సెప్తే కొడతావా?"

ఆ ప్రశ్నకి కొట్టను అని జవాబు చెప్పడానికి పల్లవికి ధైర్యం చాలలేదు. అంతకుముందు ఎన్నిసార్లు చెప్పిందో ఇద్దరికీ తెలుసు. "కొట్టకుండా ఉండేదానికి నిర్మలమ్మవ్వను తోడు అడిగినాను," అంది.

సోమవారం పల్లవి బడికి వెళ్లి స్రవంతి టీచరుతో అంతా చెప్పింది. టీచరు మొహంలో రంగు మారింది. ఇకనుంచి వారం వారం పాపను తానే చూస్తానని, పెద్దసారుకి చెప్పక తప్పదని అంది. పది రోజుల్లో పిల్లల బాగోగులు చూసే ఆఫీసు నుంచి ఒకామె ఇంటికొచ్చి, పిల్లతో విడిగా మాట్లాడి, పేరూ ఊరూ రాసుకుని వెళ్లింది. వరసలో అందరూ గుమ్మాల్లోకి వచ్చి చూశారు.

భర్త ఢిల్లీబాబు మద్రాసుకి పాల ట్యాంకరు నడుపుతాడు. ఇంట్లో ఉండేది వారానికి రెండు రోజులు. అతనికి ఫోనులో చెప్పింది.

"నాకు తెల్సు," అన్నాడు.

"తెల్సీ ఎందుకు అడగలా?"

"అడిగితే ఉండే రెండు దినాలూ గొడవయితాదని." మళ్లీ తనే, "నాదీ తప్పే," అన్నాడు.

ఆ నెలాఖర్లో ఒక ఉదయం, ఉతికి ఆరేసిన లాడ్జి యూనిఫాం చీర మీద నందిత సాంబారు ఒలికించింది. హోరు వచ్చింది. గంటె చేతికి వచ్చింది. "యేసయ్యా!" అని పల్లవి గట్టిగా అరిచింది. ప్రార్థనలా కాదు, నీళ్లలో పడిన మనిషి అరిచినట్టు. గంటె పట్టుకునే, చెప్పులు లేకుండా సందులో నడిచి నిర్మలమ్మ ఇంట్లో పడింది. నిర్మలమ్మ గంటె తీసి పక్కన పెట్టి, ముందు పిల్ల దగ్గరికి వెళ్లింది. పల్లవి అక్కడే గోడకానుకుని కూర్చుంది. ఆ రోజు లాడ్జిలో చీర మీద మరక చూసి మేనేజరు అందరి ముందూ తిట్టాడు. పల్లవి తిట్టించుకుంది. బిడ్డను కొట్టలేదు.

కోపం పోలేదు. దేవుడు దాన్ని పీకి పారేస్తాడని ఎదురుచూసింది, అది జరగలేదు. ఆగస్టులో ఒకసారి చెయ్యి జారింది, వీపు మీద ఒక దెబ్బ వేసింది. అదే సాయంత్రం వెళ్లి నిర్మలమ్మకి చెప్పింది, మర్నాడు టీచరుకి చెప్పింది. ఆ చెప్పడంతో పోలిస్తే ఉపవాసాలు ఎంత సులువో అప్పుడు తెలిసింది. కానీ ఈసారి మోకరించినప్పుడు, దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఆయన తన వంక చూస్తున్నాడని మొదటిసారి భయం లేకుండా అనుకోగలిగింది.

క్రిస్మస్‌కి ముందు ఒకరోజు పల్లవి పని నుంచి వచ్చేసరికి నందిత గుమ్మంలో నిలబడి ఉంది, ఒక కాలు లోపల, ఒక కాలు బయట.

"అమ్మా, నీ పాత ఫోను నీళ్ల బక్కెట్లో పడింది. నేనే పడేసినా."

పల్లవి రెండు చేతులూ మోకాళ్ల మీద అదిమిపెట్టుకుని కూర్చుంది. లోపల ఏదో లేచింది. ఊపిరి తీసుకుంది, వదిలింది, మళ్లీ తీసుకుంది.

"సరే," అంది. "తీసి తుడిసి పెట్టు."

పిల్ల కాసేపు గుమ్మంలోనే ఉండిపోయింది. తర్వాత లోపలికి వచ్చి, ఫోను తుడిచి, తల్లికి కాస్త ఎడంగా చాప మీద కూర్చుని పుస్తకం తెరిచింది.