ఎరుపు లేని రిపోర్టు

రుక్సానాకు ఆ పని ఎవరూ అంటగట్టలేదు. తనే అడిగి నెత్తికెత్తుకుంది.

పుంగనూరులో పరుపులు కుట్టే మస్తాన్ కూతురామె. పొద్దున్నే బస్సెక్కి మదనపల్లెకు వచ్చి, నీరుగట్టువారిపల్లెలో పట్టుచీరల అంగడి మీదున్న చిన్న కంపెనీలో ప్రోగ్రాములు రాస్తుంది. యజమాని రెడ్డెప్ప. బెంగుళూరులో చాలాకాలం పనిచేసి, సొంతూళ్లో ఏదో ఒకటి నిలబెట్టాలని తిరిగొచ్చిన మనిషి. ఒక డెయిరీ కోసం వాళ్లు సాఫ్ట్‌వేర్ తయారుచేస్తున్నారు. పల్లెల్లో రైతులు పాలు పోసే చిల్లింగ్ సెంటర్లలో ట్యాంకు ఎంత చల్లగా ఉందో స్క్రీన్ మీద చూపించి, వేడెక్కితే సైరన్ మోగించడం దాని పని.

ఎవరు ప్రోగ్రాంలో ఏ మార్పు చేసినా ఆఫీసులోని సర్వర్ ఆ ప్రోగ్రాం మొత్తాన్ని మళ్లీ కూర్చి, పరీక్షలు నడిపి, అన్నీ నెగ్గితే పచ్చగుర్తు చూపించేది. దాన్నే బిల్డ్ అనేవాళ్లు. పచ్చగుర్తు పడితే చాలు, అందరూ టీకి లేచేవాళ్లు. రుక్సానాను మాత్రం ఒక అనుమానం పీకుతుండేది. పరీక్షలు నెగ్గుతున్నాయి సరే, అవి ప్రోగ్రాంలో ఎంత భాగాన్ని తాకుతున్నాయి? బిల్డ్‌లో కవరేజీ రిపోర్టు కలిపితే ఆ సంగతి తేలిపోతుంది. పరీక్షల్లో నడిచిన కోడ్ వరుసలు పచ్చగా, ఒక్కసారీ నడవనివి ఎర్రగా కనబడతాయి.

"పెట్టమ్మా, మంచిదే కదా," అన్నాడు రెడ్డెప్ప. "డెయిరీవాళ్లూ అదే అడగతాండారు. ఎనభై శాతం పైన సూపిస్తేనే కాంట్రాక్టు పొడిగిస్తారంట."

కవరేజీ లెక్కతీసే సాధనానికీ వాళ్ల పాత బిల్డ్‌కూ మొదట పొసగలేదు. ఒకటి సర్దితే ఇంకొకటి విరిగేది. రుక్సానా అన్నం డబ్బా తెరవడం కూడా మరిచిపోయి దానితో కుస్తీ పట్టింది. చివరికి రిపోర్టు వచ్చింది. ముప్పై నాలుగు శాతం. పేజీ తర్వాత పేజీ ఎరుపే.

అందులోనూ ఒక భాగం నిలువునా ఎరుపు. ట్యాంకులోని సెన్సర్‌తో మాట్లాడే భాగమది. కరెంటు పోయి వచ్చాక సెన్సర్‌ను మళ్లీ అందుకునే వరుసల్లో ఒక్కటంటే ఒక్కటి ఏ పరీక్షలోనూ నడవలేదు.

రెడ్డెప్ప ముఖం మాడిపోయింది. "దీన్ని ఎత్తుకోని నేను డెయిరీకి పోవాల్నా? ఆ సెన్సర్ల కోడ్‌ను లెక్కలోంచి తీసెయ్."

"తీసేస్తే ఎట్ల సార్? అసలు పని చేసేది అదే కదా."

"ఆఫీసులో సెన్సర్లే లేవు. యాడ పెట్టి పరీక్ష చేస్తావు?"

"సెన్సర్ మాదిరి నటించే చిన్న ప్రోగ్రాం రాసుకుంటే చెయ్యొచ్చు. రెండు వారాలు ఇయ్యండి సార్."

"ఈ వారమే సంతకాలుంటే రెండు వారాలు యాడినుంచి తెచ్చేది? అది అయిపోతానే రాద్దువులే. నేనే టైమిస్తా."

పక్క సీటు చరణ్ మిగిలిన భాగాలకు గబగబా పరీక్షలు రాసి పడేశాడు. ఫంక్షన్‌ను పిలవడం, అది ఇచ్చిన జవాబు వంక చూడకుండానే నెగ్గిందనడం, అంతే.

"ఇదేం పరీక్ష చరణ్? ఇది ఎప్పుడు ఫెయిలవుతాది?"

"ఎప్పుడూ కాదక్కా. అందుకే రాసినా," అని నవ్వాడు చరణ్.

సెన్సర్ల భాగాన్ని లెక్కనుంచి మినహాయించే వరుసను మాత్రం రుక్సానాయే తన చేత్తో రాసింది. అంకె ఎనభై ఏడుకు ఎగబాకింది. రెడ్డెప్ప అందరికీ బిరియానీ తెప్పించాడు. రెండు వారాలే కదా అని తనకు తాను చెప్పుకుంటూ ఆమె కూడా తింది.

ఆ రెండు వారాలు ఎప్పటికీ రాలేదు. అడిగినప్పుడల్లా ఇంకేదో అర్జెంటు పని తగిలేది.

ఎండలు ముదిరాక కుప్పం పక్క సెంటరు నుంచి ఫోనొచ్చింది. ఒక మధ్యాహ్నం కరెంటు పోతూ వస్తూ ఆడిందట. సాయంత్రం ట్యాంకర్ వచ్చి మూత తీస్తే పాలు పులిసిపోయి ఉన్నాయి. స్క్రీన్ మాత్రం అంతసేపూ నాలుగు డిగ్రీలే చూపించింది. సైరన్ మోగలేదు. ఆపరేటర్ మునిలక్ష్మి సెన్సర్ తీగ పీకేసి ఉంటుందని డెయిరీవాళ్ల అనుమానం.

కారులో కుప్పం పోతూ రుక్సానా ల్యాప్‌టాప్ తెరిచి ఆ ఎర్ర వరుసలు చదివింది. కరెంటు వచ్చాక సెన్సర్ పలక్కపోతే, ప్రోగ్రాం పాత అంకెనే పట్టుకుని చూపిస్తూ కూర్చుంటుంది.

"సార్, తప్పు మనదే."

రెడ్డెప్ప రోడ్డు మీదనుంచి చూపు తిప్పలేదు. "ఆడ నోరు తెరవబాకు. ఆఫీసుకు పోయినాక సూద్దాం."

సెంటరులో డెయిరీ మేనేజరు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మునిలక్ష్మి డెయిరీవాళ్లిచ్చిన నీలం కోటు వేసుకుని గోడవారన నిలబడి ఉంది. వాళ్లమ్మా అవ్వా ఒకరి చేన్లో కూలికి పోయినవాళ్లే. ఆ ఇంట్లో నెలజీతం ఎరిగింది ఈమే మొదలు.

"నేను సూస్తానే ఉండాను సార్. నాలుగే సూపిస్తా ఉండె. నాలుగుంటే ఏమీ చెయ్యబల్లేదని మీరే కదా నేర్పించింది?"

రెడ్డెప్ప రిపోర్టు తెరిచి మేనేజరు వైపు తిప్పాడు. "మీరే సూడండి సార్, అంతా పరీక్ష చేసిందే. ఎనభై ఏడు శాతం. మా సైడ్ ఇట్లాంటిది జరిగేదానికి లేదు. తీగ ఊడదీసుంటారు."

మునిలక్ష్మి ఆ పచ్చటి పేజీలోకి తొంగి చూసింది. ఆమెకు అందులో ఏమీ అర్థం కాలేదు. కానీ తనమీద వేలు చూపిస్తున్నది అదేనని మాత్రం తెలిసిపోయింది. రుక్సానా ఇక తట్టుకోలేకపోయింది.

"సెన్సర్ల కోడ్ ఈ రిపోర్టులో లేదు సార్. నేనే తీసేసినాను. కరెంటు పోయొచ్చినాక స్క్రీన్ పాత అంకెనే సూపిస్తాది. ఈమె తప్పు ఏమీ లేదు."

మేనేజరు రుక్సానాను పైనుంచి కింద దాకా చూశాడు.

"రిపోర్టు కింద నీ పేరే ఉండాది కదమ్మా?"

"అవును సార్."

"ఆ పొద్దు అబద్ధం రాసిచ్చినదానివి, ఈ పొద్దు నిజం చెప్తాండావని ఎట్ల నమ్మేది?"

"ఆయమ్మను సూసి మా పాపకు జాలేసినట్టుండాది," అని రెడ్డెప్ప సన్నగా నవ్వాడు. మేనేజరూ నవ్వాడు. ఆ రిపోర్టు చూసి కాంట్రాక్టు పొడిగించమని పైవాళ్లకు రాసింది అతనే. అది తప్పంటే ముందు అతని మెడకే చుట్టుకుంటుంది. వారం తిరక్కుండా మునిలక్ష్మిని పనిలోంచి తీసేశారు.

రుక్సానా మదనపల్లెకు వచ్చి ఆ మినహాయింపు వరుసను చెరిపేసింది. శాతం ఎనభైకి దిగువకు పడిపోయి, ఆ అంకె దాటితేనే నెగ్గేలా పెట్టిన బిల్డ్ ఆగిపోయింది. రెడ్డెప్ప చెప్పడంతో చరణ్ తలవంచుకుని వచ్చి ఆ వరుసను మళ్లీ పెట్టేశాడు. ఆమె ఊరుకోలేదు. సెన్సర్ మాదిరి నటించే ప్రోగ్రాం రాసి, కరెంటు పోయి వచ్చినట్టు పరీక్ష పెట్టింది. అచ్చం ఆమె చెప్పినట్టే స్క్రీన్ నాలుగు దగ్గర బిగుసుకుపోయింది. రెడ్డెప్ప దాన్ని చూశాడు. ఎవరికీ చెప్పకుండా ఆ లోపం సరిచేయించి, అన్ని సెంటర్లకూ కొత్త ప్రోగ్రాం పంపించాడు.

"తప్పు సరిపోయింది కదా. ఇంకేం కావాల నీకు?"

"మునిలక్ష్మి ఉద్యోగం సార్."

"అది మన ప్రోగ్రాంలో లేదు కదమ్మా."

ఆ మాట విన్నాక ఆమె మళ్లీ ఆ మెట్లెక్కలేదు. పరీక్ష ఫలితాలన్నీ డెయిరీ హెడ్డాఫీసుకు పంపింది. ఉలుకూ పలుకూ లేదు. చివరికి ఒకరోజు పుంగనూరులో బస్సెక్కి కుప్పం పోయింది. మునిలక్ష్మి రోజూ రైల్లో బెంగుళూరు పోయి అక్కడొక ఆఫీసులో ఊడ్చి తుడిచి వస్తోందని ఇంటిదగ్గర చెప్పారు. సాయంత్రం రైలు దిగే గుంపులో ఆమెను వెతికి పట్టుకుంది.

"ఇంత దూరం ఏల వచ్చినావమ్మా?"

"చెప్పిపోదామని. ఆ తప్పు మాదేనని రుజువైంది. సరిచేసినారు. ఇంక ఏ సెంటర్లోనూ అట్ల కాదు."

మునిలక్ష్మి భుజాన సంచి సర్దుకుంది. "అంటే నా జాగాలో వచ్చినామెకు ఇబ్బంది లేదు. మంచిదే."

"ఆ దినం నేను..."

"నువ్వు చెప్పినావులే. ఇన్నాను. రిపోర్టు రాసేటప్పుడే చెప్పుంటే బాగుండు." ఆమె గొంతులో కోపం కూడా లేదు. "ఊర్లో అందురి పాలూ ఆ ట్యాంకులోనే ఉండె. మా చిన్నమ్మవీ ఉండె. ఇప్పటికీ నా మొకం సూడదు. నేను నిద్రపోయినానంట."

"నేనొచ్చి వాళ్లకు చెప్తా. ఇప్పుడే పోదాం పద."

"నువ్వెవరివని చెప్తావు?"

కంపెనీ మనిషినని చెప్పుకుందామంటే రుక్సానా ఆ ఉద్యోగమూ వదిలేసింది. ఆ ఊళ్లో ఆమె మాట పట్టించుకునే గడప ఒక్కటి కూడా లేదు.

"ఆటో పోతాది, వస్తానమ్మా," అని మునిలక్ష్మి గుంపుతోపాటు స్టేషన్ బయటికి నడిచింది.