నలభై మూడో పేజీ

సైకిళ్ళ మేస్త్రి ఏడో తరగతిలో చదువుకి దణ్ణం పెట్టాడు. చదువు కూడా ఆయనకి తిరుగు దణ్ణం పెట్టి ఊపిరి పీల్చుకుంది. అలాంటి మనిషి యాభై దాటాక విజ్ఞాన సర్వస్వం రాస్తున్నాడంటే వీధిలో ఎవరూ నమ్మలేదు. ట్యూబుకి అతుకు ఆరేలోపు ఫోను తీసి, గ్రీజు వేలితో ఒక్కో అక్షరం నొక్కుతుంటే, గాలి కొట్టించుకోడానికి వచ్చినవాళ్ళు, "ఎవరికి మేస్త్రీ ప్రేమలేఖ?" అని అడిగేవారు.

"లోకానికి," అనేవాడు మేస్త్రి. "పెళ్ళి చేసుకోమని వెంటపడదు కదా, అందుకని."

ఆ విజ్ఞాన సర్వస్వం ఇంటర్నెట్టులో ఉంటుంది. ఎవరైనా రాయొచ్చు, ఎవరు రాసింది ఎవరైనా దిద్దొచ్చు. జీతం లేదు, భత్యం లేదు, తిట్లు మాత్రం ఉచితం. అక్కడ ఎవరికి తోచిన పేరు వాళ్ళు పెట్టుకుంటారు. మేస్త్రి "పంక్చర్" అని పెట్టుకున్నాడు. ఆయనకి అక్కడ ఇద్దరు జతగాళ్ళు దొరికారు. ఇద్దరి మొహాలూ ఎప్పుడూ చూడలేదు. ఒకరు రిటైరైన టీచరమ్మ. మేస్త్రి మాట్లాడినట్టే రాసిపడేస్తే, ఆవిడ ఒత్తులూ దీర్ఘాలూ సరిచేసి, స్నానం చేయించి, తల దువ్వి నిలబెట్టేది. రెండోవాడు ఏదో లైబ్రరీలో పనిచేసే పెద్దమనిషి. ప్రతి వాక్యానికీ రుజువు అడుగుతాడు గనక మేస్త్రి ఆయనకి రుజువులయ్య అని పేరు పెట్టాడు. రాతలో నేరుగా అలా పిలిచినా ఆయన నొచ్చుకోలేదు. నొచ్చుకోడానికి కూడా ఆధారం కావాలనుకున్నాడేమో.

ఈ ముగ్గురూ కలిసి సైకిల్ గొలుసు గురించి, బ్రేకుల గురించి, ఫ్రీవీలు గురించి రాశారు. ఆ తరవాత మేస్త్రి మిల్లు గురించి మొదలుపెట్టాడు.

మిల్లు అంటే ఊరి పాత బట్టలమిల్లు. మూతపడి చాలా ఏళ్ళయింది. మేస్త్రి బావ, అంటే అక్క మొగుడు, అక్కడ సైరన్ మనిషి. రోజుకి మూడుసార్లు సైరన్ ఊదేవాడు. ఊళ్ళోవాళ్ళు గడియారాన్ని బట్టి బావని నమ్మడం కాదు, బావని బట్టి గడియారం తిప్పుకునేవారు. అంత కచ్చితం మనిషి. మేస్త్రి ఇదంతా పేజీలకి పేజీలు రాశాడు. రుజువులయ్య కత్తెర పట్టుకుని దిగాడు.

"సైరన్ మూడు మైళ్ళ దాకా వినబడేదనడానికి ఆధారం?" అని, రాసేవాళ్ళు వాదించుకునే చర్చల పేజీలో అడిగాడు.

"నా చెవులు," అని రాశాడు మేస్త్రి.

"చెవులు అచ్చవ్వవు కదా, పంక్చర్ గారూ."

సగం పోయింది. మిగిలిన సగంలోనూ సగం పోయింది. ఒక్క పేరా దగ్గర మాత్రం మేస్త్రి మొండికేశాడు. ఒక మధ్యాహ్నం రెండు గంటలప్పుడు మిల్లులో దూది అంటుకుంది. తొమ్మిది మంది పోయారు. బావ మొహానికి తడిగుడ్డ చుట్టుకుని, పొగలో కూచుని, వెనకవైపు షెడ్డులోవాళ్ళందరూ బయటపడేదాకా సైరన్ ఆపలేదు. ఆ పొగకి ఊపిరితిత్తులు సగమయ్యాయి, ఆ మోతకి కుడిచెవి పోయింది. యాజమాన్యం లోపలి సంగతులు బయటికి పొక్కనివ్వలేదు గనక ఇది అప్పట్లో ఏ పేపర్లోనూ రాలేదు. బావ కూడా ఎవరికీ చెప్పుకునే రకం కాదు. "పని చేశాను, జీతమిచ్చారు," అనేవాడు.

రుజువులయ్య ఆ పేరా కూడా తీసేస్తానన్నాడు. టీచరమ్మ అడ్డం పడింది. "పంక్చర్ గారికి భాష రాకపోవచ్చు, అబద్ధం మాత్రం రాదు. ఆయన మాట మీద ఉంచుదాం. పక్కన ఆధారం కావాలని ఒక ముక్క పెడదాం," అని రాసింది. ఉంచారు.

అక్కడితో ఊరుకుంటే ఆయన మేస్త్రి ఎందుకవుతాడు. చిన్నప్పుడు బడిలో మాస్టారి కుర్చీకి జిగురు రాసిన చెయ్యి అది. నిజం రాస్తే కత్తిరిస్తున్నాడు కదా, అబద్ధం రాస్తే ఏం చేస్తాడో చూద్దామనిపించింది. అందులోనూ బావని ఏడిపించడం బావమరిది జన్మహక్కు. ఒకరోజు దుకాణంలో బేరాల్లేనప్పుడు కూచుని ఒక వాక్యం అల్లాడు. సైరన్ మనిషికి భోజనం కాగానే కునుకు తీసే అలవాటుండేదని, రెండు గంటల సైరన్ ఒక్కోసారి రెండుంబావుకి మోగేదని. దానికి ఆధారంగా లేని పుస్తకమొకటి పుట్టించాడు. 'మిల్లు ముచ్చట్లు', రాసింది ఒక పాత కార్మికుడు, నలభై మూడో పేజీ.

గంటలో రుజువులయ్య వచ్చాడు. మేస్త్రి నవ్వు పెదవుల మీదే పెట్టుకుని చూస్తున్నాడు.

"చాలా మంచి ఆధారం. పేజీ నంబరు కూడా ఇచ్చినందుకు ధన్యవాదాలు," అని రాసి వెళ్ళిపోయాడు.

మేస్త్రి నవ్వలేక స్టూలు మీంచి పడబోయాడు. ఆ సాయంత్రమే ఫోను పట్టుకుని అక్క ఇంటికి పోయాడు. బావ కళ్ళజోడు తగిలించుకుని, పెదాలు కదుపుతూ చదివాడు.

"ఒరే దొంగా, నా నిద్రకి పుస్తకం కూడా వేయించావా," అని పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. అక్క మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"నవ్వులాట చాల్లే గానీ, తీసెయ్యరా దాన్ని. ఎవరైనా నిజమనుకుంటారు."

"రేపు తీసేస్తాలే అక్కా."

రేపు అన్నది నాలుగేళ్ళు నడిచింది.

మిల్లు ప్రమాదానికి పాతికేళ్ళయిన సందర్భంగా ఒక పేపరు పేజీ నిండా రాసింది. రాసినవాడు మిల్లు మొహం చూసినవాడు కాదు. విజ్ఞాన సర్వస్వం ముందు పెట్టుకుని రాశాడు. తొమ్మిది మంది ఫొటోల కింద గీతలతో చిన్న డబ్బా కట్టి, అందులో ఒక ప్రశ్న వేశాడు. సైరన్ మనిషికి మధ్యాహ్నం కునుకు తీసే అలవాటుందని ఒక పాత పుస్తకం చెబుతోంది. మంటలు లేచింది రెండు గంటలకి. సైరన్ సమయానికి మోగిందా?

వారం తిరక్కుండా ఎవరో కొత్త పుణ్యాత్ముడు విజ్ఞాన సర్వస్వంలో మిల్లు పేజీకి ఒక వాక్యం చేర్చాడు. సైరన్ మనిషి నిద్రపోవడం వల్ల హెచ్చరిక ఆలస్యమైందని. ఆధారం, ఆ పేపరు. ప్రశ్న గుర్తు దారిలో ఎక్కడో జారిపోయింది.

అక్క తనంతట తాను సైకిళ్ళ దుకాణానికి ఎప్పుడూ రాలేదు. ఆరోజు వచ్చింది. నిలబడే మాట్లాడింది.

"ఎదురింటావిడ నాతో మాట్లాడ్డం మానేసింది." ఎదురింటావిడ మొగుడు ఆ తొమ్మిది మందిలో ఒకడు. "నిన్న గేటు దగ్గర ఎదురుపడితే మొహం తిప్పుకుంది. మీ బావ టీకొట్టుకి పోవడం లేదు. ఎందుకంటే కాళ్ళు నొప్పులంటున్నాడు."

"నేను చూస్తానక్కా."

"మిల్లు గేటు దగ్గర గది కడుతున్నారంట, చచ్చిపోయినవాళ్ళ గుర్తుగా. గోడ మీద బోర్డు పెడతారంట, జరిగిందంతా రాసి. అందులో కూడా మీ బావ నిద్రే ఉంటుందంట. పదిరోజుల్లో తగిలిస్తారంట. రేపు తీసేస్తానన్నావు నువ్వు."

"తీసేస్తాను."

"ఎప్పటి రేపురా అది," అని వెళ్ళిపోయింది.

మేస్త్రి షట్టరు సగానికి దించి కూచున్నాడు. రెండు వాక్యాలూ తీసేశాడు. అరగంటలో రుజువులయ్య తిరిగి పెట్టేశాడు. "ఆధారం ఉన్న సమాచారాన్ని కారణం చెప్పకుండా తొలగించకండి." మళ్ళీ తీశాడు. మళ్ళీ పెట్టాడు. మూడోసారి తీస్తే ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక వచ్చింది.

"అది అబద్ధమయ్యా," అని రాశాడు మేస్త్రి.

"అబద్ధమనడానికి ఆధారం?"

"ఆయన మా బావ."

"అలాగైతే మీరు ఈ పేజీని అసలు ముట్టుకోకూడదు. సొంతవాళ్ళ గురించి రాయడం నిషిద్ధం."

మేస్త్రి టీచరమ్మకి విడిగా ఉత్తరం రాశాడు. ఉన్నదంతా కక్కేశాడు. పుస్తకం లేదు, పాత కార్మికుడు లేడు, పేజీ లేదు. ఆవిడ జవాబు మర్నాడు వచ్చింది.

"నాతో కాదు, అందరి ముందూ చెప్పండి. ఆ పుస్తకం మీరే కల్పించారని చర్చల పేజీలో రాయండి. అదొక్కటే దారి. నేను ఇంతకంటే ఏమీ అనలేను."

మేస్త్రి రాశాడు. ఈసారి ఆవిడ దిద్దలేదు. తప్పులతోనే ఉండిపోయింది. "ఆ పుస్తకం నేనే పుట్టిచ్చాను. నవ్వులాటకి చేసాను. మా బావ ఒక్కరోజు కూడా నిద్రపోలేదు. పేపరోడు నాది చూసి రాసాడు. దయచేసి రెండూ తీసేయండి."

ఇక్కడే ఆయన లెక్క తప్పింది. దొంగ తనంతట తాను ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుందని ఆయన అనుకున్నాడు. ఆ చోటి పద్ధతి వేరు. ఒక్క కన్నం బయటపడితే ట్యూబు మొత్తం నీళ్ళలో ముంచి చూస్తారు. సైకిళ్ళ మేస్త్రికి ఆ సంగతి తట్టకపోవడమే విడ్డూరం.

రుజువులయ్య ముందు పుస్తకం వాక్యం తీసేశాడు. ఆ తరవాత పంక్చర్ అనేవాడు ఆరేళ్ళలో రాసినదంతా వరసపెట్టి బయటికి లాగాడు. గొలుసు, బ్రేకులు, ఫ్రీవీలు. ఆధారం లేనివన్నీ పోయాయి. మిల్లు పేజీలో పొగ పేరా పోయింది. తడిగుడ్డ పోయింది, కుడిచెవి పోయింది. దాన్ని మాట మీద ఉంచారు, ఇప్పుడు ఆ మాటే లేదు. ఆ పేరా తీసింది రుజువులయ్య కాదు, టీచరమ్మే. కారణం అన్నచోట, "నా పొరపాటు," అని రాసింది.

పేపరు వాక్యం మాత్రం ఉంది.

"పేపరు పేరున్నది. అందులో రాసేవారు విచారించే రాస్తారు. మీ మాట చూసి రాశారనడానికి మీ మాట తప్ప ఇంకేం ఆధారం ఉంది? అబద్ధం రాశానని మీరే అంటున్నారు. ఇప్పుడు చెప్పేది మాత్రం నిజమని ఎలా అనుకోవాలి?" అని రుజువులయ్య ఓపిగ్గా వివరించాడు. ఆయన మాటలో కోపం లేదు. కోపమే ఉంటే మేస్త్రి తిరిగి తిట్టేవాడు. మర్నాటి నుంచి పంక్చర్ పేరుకి తలుపులు మూశారు.

పేపరాఫీసుకి పోయాడు. ఆ రాసిన కుర్రాడు ఉద్యోగం మారిపోయాడన్నారు. మిల్లు గేటు దగ్గర గది కట్టిస్తున్న సంఘం కార్యదర్శి దగ్గరికి పోయాడు. బోర్డు అప్పటికే గోడకి ఆనించి ఉంది, మీద ప్లాస్టిక్ కాగితం చుట్టి.

"సర్, మా బావ ఆరోజు పొగలో కూచుని ఊదాడు సర్. చెవి పోయింది. కావాలంటే చూపిస్తాను."

"ఎక్కడైనా రాసి ఉందా?"

"మొన్నటిదాకా ఉంది సర్."

"ఎవరు రాశారు?"

"నేనే సర్," అన్నాడు మేస్త్రి. కార్యదర్శి చెడ్డవాడేం కాదు, కుర్చీ చూపించాడు. "మేస్త్రీ, మీ బావ మీద ప్రేమ నాకు అర్థమవుతోంది. కానీ బయటపడ్డవాళ్ళకి సైరన్ విన్నది గుర్తుంది గానీ, ఎప్పుడు మొదలైందో గుర్తులేదు. నాకు రెండుచోట్ల ఒకటే మాట కనబడుతోంది. ఇంకోమాట చెప్పేది నువ్వొక్కడివే."

బోర్డు తగిలించేశారు. ఆ సాయంత్రం మేస్త్రి అక్క ఇంటికి పోయాడు. అక్క తలుపు తీసి లోపలికి పోయింది. బావ వరండాలో కూచుని ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాళ్ళ దగ్గర చెప్పులు పెట్టుకుని. మేస్త్రి ఆయన ఎడమపక్కకి వెళ్ళి కూచున్నాడు.

"బోర్డు చూసొచ్చాను రా," అన్నాడు బావ. "అక్షరాలు బాగా చెక్కారు."

"బావా, అది నేను చేసిన వెధవపని. నువ్వు నిద్రపోలేదు."

"నువ్వు రాసింది కునుకు అలవాటుందని కదా. ఆరోజు సంగతి నువ్వు రాయలేదుగా. వాళ్ళు విచారించే రాసుంటారు."

"ఎవరూ విచారించలేదు బావా. నా కూతని పట్టుకుని రాశారు."

"ఏమోరా." బావ చేతులు చూసుకున్నాడు. "నాకు పొగ గుర్తుంది. సైరన్ పిడి వేడి గుర్తుంది. అంతకుముందు ఏం చేస్తున్నానో ఎంత ఆలోచించినా తట్టడంలేదు. క్యారియరు కడిగాను. గోడకి ఆనుకున్నాను. ఆ తరవాత మంటే. మధ్యలో కళ్ళు మూతలు పడ్డాయేమో, ఎవరికి తెలుసు."

"ఎందుకు పడతాయి బావా? ముప్ఫై ఏళ్ళలో ఎప్పుడైనా పడ్డాయా?"

"ఒక్కరోజు పడితే చాలదా."



బావ లేచి చెప్పులు తొడుక్కున్నాడు. వీధి దాటుతుంటే మేస్త్రి వెంటపడి చెయ్యి పట్టుకున్నాడు. "ఎక్కడికి బావా? వద్దు, నా మాట విను," అన్నాడు. పట్టుకున్నది కుడిపక్క. ఆ చెవికి ఏదీ చేరదు. బావ చెయ్యి విడిపించుకుని ఎదురింటి గుమ్మం ఎక్కి, తలుపు కొట్టాడు.

ఎదురింటావిడ తలుపు తీసింది. బావ రెండు చేతులూ జోడించాడు.

"అమ్మా, ఆరోజు నాకు కునుకు పట్టినట్టుంది. క్షమించు తల్లీ."

"ఇన్నేళ్ళు పట్టిందా అన్నయ్యా, ఈ మాట చెప్పడానికి," అంది.

కింద మెట్టు మీద నుంచి మేస్త్రి, "అమ్మా, ఆయన కాదు, నేను..." అంటూనే ఉన్నాడు. ఆవిడ అటు చూడకుండానే తలుపు వేసుకుంది.