కన్నంలోంచి వచ్చిన చెయ్యి

పండగ సెలవుల్లో మందు షాపులు మధ్యాహ్నం రెండింటికే మూసెయ్యాలని ప్రభుత్వం ఉత్తరువు వేసింది. పేదవాడి సంసారం బాగుపడాలట. పెద్ద హోటళ్లకూ క్లబ్బులకూ మాత్రం ఆ ఉత్తరువు వర్తించదు. అక్కడ తాగేవాళ్ల సంసారాలు ముందే బాగుపడి ఉంటాయి కాబోలు.

గోదాముల వీధిలో మందు షాపు యజమాని ఆ ఉత్తరువు చదివి దిగులుపడలేదు, సంబరపడ్డాడు. వేళ కాగానే ముందు షట్టరు దించేస్తాడు. పనివాణ్ణి లోపలే ఉంచి బయట తాళం వేస్తాడు. వెనక సందు గోడలో ఇటుక తీసిన చోట సీసా పట్టేంత కన్నం ఉంది. బయటివాడు అందులో డబ్బు పెడితే లోపలి నుంచి ఒక చెయ్యి సీసా అందిస్తుంది. మూసిన షాపులో సరుకు కాబట్టి ధర రెట్టింపు. లోపలివాడు నోరు మెదపకూడదు, చప్పుడు చెయ్యకూడదు. అది యజమాని పెట్టిన కట్టుబాటు.

అందుకని ఆ సందులో అతని ముఖం ఎవరికీ కనిపించేది కాదు. చెయ్యి మాత్రం వీధి వీధంతా ఎరుగును. చూపుడువేలు సగానికి తెగిన కుడిచెయ్యి. పాత సీసాలు కడిగే యార్డులో పనిచేసే రోజుల్లో ఒక పగిలిన సీసా ఆ వేలిని తినేసింది. ఆ రోజు గుడ్డ చింపి వేలికి కట్టిన పిల్లే తర్వాత అతని పెళ్లాం అయింది. "సగం వేలిచ్చి నిన్ను తెచ్చుకున్నాను, బేరం నాకే గిట్టింది" అని ఏడిపించేవాడు. బయట నోట్లో నాలుక లేని మనిషని పేరు, ఇంట్లో మాత్రం ఒకటే వాగుడు. షాపులో కట్టేసిన నోరు కదా, ఇంటికొచ్చాక కాస్త ఆడనీలే అనుకునేది ఆమె.

సెలవు రోజుల్లో అన్నం ఆమే తెచ్చేది. డబ్బా కన్నంలో పట్టదు. గోడకు ఆనుకుని నిలబడి, ముద్దలు కలిపి, ఒక్కొక్కటే ఆ అరచేతిలో పెట్టేది. ముద్ద అందుకున్న చెయ్యి పోతూ పోతూ ఆమె వేళ్లను ఒకసారి నొక్కి పోయేది. మందుకోసం వరసలో ఉన్న కూలీలు "తొందరగా తినమనమ్మా, మాకూ దాహం వేస్తోంది" అని నవ్వేవారు.

ఆ పండగ రోజు కూడా డబ్బాతో వచ్చింది. కన్నానికి ఇనపరేకు వేసి తాళం బిగించి ఉంది. తనిఖీ ఆఫీసరు జీపు వచ్చిందని వరసలో వాళ్లు చెప్పారు. కరెంటు లేదు. సీసాలు చల్లబరిచే పెట్టెకోసం ఎప్పుడూ సందులో నడిచే జనరేటరును, ఆఫీసరుకు వినపడుతుందని, యజమాని లోపలికి తోయించాడు. ఆఫీసరు ముందువైపు షట్టరుకు కాగితం అంటించి సీలు వేశాడు. వేశాక యజమాని ఆయన్ను తన కారులో ఎక్కించుకుని క్లబ్బుకు తీసుకుపోయాడు, విందుకు. తాళంచెవులు యజమాని జేబులోనే వెళ్లాయి. జీపూ, ఒక కానిస్టేబులూ వీధి మలుపులో మిగిలారు.

ఆమె గోడవారన నిలబడింది. కాసేపటికి లోపలి నుంచి ఎవరో సీసాతో రేకును కొట్టారు. ఆగి, మళ్లీ కొట్టారు. జనరేటరు హోరులో మాటేదీ తెలియడం లేదు.

"ఏంటమ్మాయ్, మీ ఆయన ఇవాళ చప్పుడు చేస్తున్నాడు?" అన్నాడు రెండో సీసాకోసం వరసలో ముందున్న కంచు బాబాయి. మూటలు మోసేవాళ్లకు మేస్త్రీ ఆయన. గొంతు కంచులా మోగుతుంది కాబట్టి ఆ పేరు.

ఆమెకు భయం వేసింది. పట్టుబడితే యజమాని ముందు పీకేది పనివాణ్ణే. రేకుకు నోరు ఆనించి, "ఉష్. జీపు ఇంకా ఇక్కడే ఉంది. కాస్త ఓర్చుకో" అంది. మళ్లీ దబదబా కొట్టాడు. "ఆకలేస్తోందా? నేనిక్కడే ఉన్నాగా. చప్పుడు చెయ్యకు, నా మాట విను."

చప్పుడు మెల్లమెల్లగా తగ్గింది. తర్వాత ఆగిపోయింది.

"విన్నాడు" అంది ఆమె అందరివైపూ తిరిగి, కొంచెం గర్వంగానే. డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

పొద్దు వాలేవేళకు యజమాని వచ్చి తాళం తీశాడు. ముందు జనరేటరు పొగ వచ్చింది. మనిషిని కూలీలు మోసుకొచ్చారు. కుడిచేతిలో సీసా మెడ అలాగే ఉంది. ఆమె పక్కన కూర్చుని ఆ వేళ్లు విప్పబోయింది, అవి విడలేదు.

స్టేషన్లో యజమాని నదురూ బెదురూ లేకుండా చెప్పాడు. "రెండింటికే మూశాను సార్. సీలు వేసింది మీ ఆఫీసరే. మూసిన షాపులో పనివాడు ఎందుకుంటాడు? వీణ్ణి పనిలోంచి తీసేసి చాలా కాలమైంది. పండగ పూట ఎవరూ ఉండరని దొంగతనానికి దూరాడు."

ఇన్‌స్పెక్టరు అదే రాసుకున్నాడు. బయట తాళాలు వేసిన గదిలోకి దొంగ ఎలా దూరాడని ఆయన అడగలేదు. చట్టం ప్రకారం ఆ వేళ షాపు లేదు. షాపు లేదు కాబట్టి పని లేదు, పని లేదు కాబట్టి పనివాడు లేడు. చచ్చిపోయిన మనిషి ఒక్కడే మిగిలాడు. అతనికి దొంగ అని పేరు పెట్టారు.

"నా కొడుకు పోయాడు, సరే" అంది అత్త ఇంటికొచ్చాక, గోడకు చేరగిలబడి. "ఆ మాట మాత్రం నేను మొయ్యలేనే కోడలా. దాన్ని తుడిపెయ్. ఎలా తుడిపేస్తావో నాకు తెలీదు."

మర్నాడు మూటల షెడ్డులో కూలీలూ, యార్డు ఆడవాళ్లూ సమావేశమయ్యారు. కూర్చోవడానికి బస్తాలు తప్ప ఏమీ లేవు.

"సాక్ష్యం కావాలి" అన్నాడు కంచు బాబాయి. "ఆ మధ్యాహ్నం ఆ కన్నం దగ్గర సరుకు కొన్నామని మనం చెప్పాలి."

"చెప్తే మనమే లోపలికి పోతాం" అన్నాడు ఒక బండి తోలేవాడు. "మూసిన వేళ కొన్నవాడికీ జైలేనని ఉత్తరువులో ఉంది. నాకు ముగ్గురు పిల్లలు బాబాయ్."

"తాగేటప్పుడు గుర్తురాలేదా పిల్లలు?" అంది యార్డులో పనిచేసే ఒకావిడ. "మూసెయ్యమన్న సర్కారే నయం. అసలు పూర్తిగా మూసెయ్యాలి."

"మూశారుగా అక్కా. మూసి, లోపల మనిషిని పెట్టి తాళం వేశారు. క్లబ్బు మూశారా? సీలు వేసిన ఆఫీసరు ఆ పూట ఎక్కడ తాగాడు?"

"సెలవు దొరికేదే ఆ ఒక్కరోజు. ఆ రోజే దొంగల్లా సందులో నిలబడాలి మేము."

"మీ తాగుడికి పంచాయితీ కాదయ్యా ఇది, మనిషి పోయాడు."

మాటా మాటా పెరిగింది. కొందరు ముఖం చాటేసి గుమ్మంవైపు కదిలారు. కంచు బాబాయి గొంతు కూడా ఆ గోలలో తేలలేదు. అప్పుడు ఆమె లేచింది. పెద్దగా మాట్లాడలేదు కానీ, కొత్తగా మొగుడు పోయిన మనిషి కదా, అందరూ ఆగారు.

"నేను విన్నాను" అంది. "ఆయన కొట్టడం విన్నాను. చప్పుడు చెయ్యకు అని నేనే అన్నాను. జీపుకు భయపడి అన్నాను. ఆయన నా మాట విన్నాడు. ఎప్పుడూ వినేవాడు కాదు, నిన్న విన్నాడు." నిన్న వరసలో ఉన్నవాళ్లవైపు తిరిగింది. "మీరూ విన్నారు. మీకూ అదే భయం. ఇప్పుడూ అదే భయం. నేను స్టేషన్‌కు పోతున్నాను. నా వెంట రమ్మనను. ఇంకొకరిని నోరు మూసుకోమని మాత్రం నా నోటితో అనలేను."

అని అత్త చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఎవరూ ఉండరేమోనని భయం.

స్టేషన్లో ఇన్‌స్పెక్టరు కసురుకున్నాడు. "మళ్లీ ఎందుకొచ్చావ్? పెళ్లాం సాక్ష్యం చెల్లదు."

"నా సాక్ష్యం రాసుకోండి సార్ అయితే." కంచు బాబాయి గొంతు గుమ్మంలో మోగింది. "నిన్న మధ్యాహ్నం, షాపు మూశాక, ఆ కన్నం దగ్గర సీసా కొన్నాను. తర్వాతే జీపు వచ్చింది."

"నేరం ఒప్పుకుంటున్నావ్, తెలుసా?"

"తెలుసు సార్."

"ఇచ్చినవాడి ముఖం చూశావా?"

"లేదు. చెయ్యి చూశాను. చూపుడువేలు సగమే ఉంటుంది."

బాబాయి పక్కకు జరిగాడు. వెనక బండి తోలేవాడు ఉన్నాడు. ముగ్గురు పిల్లలు గలవాడు. నీళ్లు నములుతూ, తల వంచుకునే చెప్పాడు. "నేనూ కొన్నాను. చెయ్యి చూశాను. చూపుడువేలు సగమే."

తర్వాత ఇంకొకడు. తర్వాత యార్డు ఆవిడ వచ్చింది. "నేను తాగను. నా మొగుడికి కొనిపెట్టాను. ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలుసు, మా యార్డులో తెగిన వేలే అది." స్టేషన్ మెట్ల మీదా, వీధిలోనూ వరస పెరుగుతూనే ఉంది. మందుకోసం నిలబడే వరసే అది, అవే మనుషులు. ఇన్‌స్పెక్టరు రాయడం మానేసి కలం బల్లమీద పడేశాడు. "అందర్నీ లోపలేస్తాను" అన్నాడు.

"వెయ్యండి" అన్నాడు కంచు బాబాయి. "కోర్టులో ఇదే చెప్తాం. పనిలో ఉండగా చచ్చిపోయాడు, దొంగ కాదు."

అంతమందికి వ్యాను చాలలేదు. కోర్టుకు నడిపించారు, అత్తా ఆమే వెంట నడిచారు. దారి గోదాముల వీధి మీదుగానే. మందు షాపు ముందుకు రాగానే ఆమె కాళ్లు ఆగిపోయాయి. షట్టరు దించే ఉంది. దానిమీద కొత్త సీలు అంటించారు. నిన్న ముద్ద పెట్టలేకపోయిన చెయ్యి ఇంకా బరువుగా ఉంది ఆమెకు. బండి తోలేవాడు షట్టరు దగ్గరికి పోయి పిడికిలితో ఒకసారి కొట్టాడు. ఆగి, మళ్లీ కొట్టాడు. అతని పక్కన ఇంకొకడు కొట్టాడు. సంకెళ్లున్నవాళ్లు సంకెళ్లతో కొట్టారు. రేకు వీధంతా మోగింది.

"చప్పుడు చెయ్యకండి" అని అరిచాడు కానిస్టేబులు.

ఆమె వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఆ ఏడుపులోనే షట్టరుకు నోరు ఆనించింది, నిన్న వెనక సందులో ఆనించినట్టే.

"కొట్టండి" అంది. "ఇంకా గట్టిగా కొట్టండి."