మేయరమ్మకు దుర్గి రాయి

పల్నాడులో ఏ సెంటర్లో నిలబడి చూసినా ఒక విగ్రహం కనిపిస్తుంది. బతికున్నవాళ్లకు ఫ్లెక్సీ, పోయినవాళ్లకు రాయి. ఈ లెక్క ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు గానీ పాలు తాగే పిల్లలకు తప్ప అందరికీ తెలుసు. తెలియని మహానుభావుడు ఒక్కడే, నరసరావుపేట కిరాణా వ్యాపారి వెంకటసాయి. నిక్షేపంగా తిరుగుతున్న సొంత అక్కకు, శిల్పులకు పేరుపడ్డ దుర్గిలో, రాతి విగ్రహం చేయించాడు.

ఆ అక్క పేరు కోటేశ్వరి. లా చదవడానికని మహానగరానికి వెళ్లి, పెళ్లి మాట పక్కన పెట్టి, అక్కడే కార్పొరేటరై, ఆపైన రెండుసార్లు మేయరైంది. నగరమంతా తవ్విపోసి మురుగునీటి పైపులు వేయించింది. తవ్వినన్నాళ్లూ జనం తిట్టిపోశారు. వానాకాలంలో ఇళ్లలోకి నీళ్లు రాకపోయేసరికి మళ్లీ గెలిపించారు. ఇప్పుడు ఆమె చూపు ఢిల్లీ మీద పడింది. దేశంలో ఊళ్లన్నీ నగరాలైపోతుంటే, ఆ బాధ తెలిసినవాళ్లు పార్లమెంటులో ఒక్కరైనా ఉండొద్దా అని ఆమె వాదన. పదవి మీద మోజు కూడా ఉంది, దాన్నేమీ దాచుకోలేదు. పుట్టిన ఊరు నరసరావుపేట నుంచి లోక్‌సభ టికెట్ అడిగింది. అక్కడ మీకు బలం ఏదమ్మా, చూద్దాం, అన్నారు పార్టీ పెద్దలు. చూద్దాం అంటే లేదనే అర్థమని ఆమెకు తెలియక కాదు, అయినా ఆశ చావలేదు.

పుట్టింట్లో దిగి వారం నుంచి ఢిల్లీ కబురు కోసం ఫోన్ కేసి చూసి చూసి విసుగెత్తింది. ఆ సోమవారం పొద్దున ఫోన్ ఆపేసి బీరువాలో పడేసింది. ఎవరూ గుర్తుపట్టకుండా మొహానికి మాస్కు తగిలించుకుని, నెత్తిన కొంగు కప్పుకుని, ఇంటికి తాళం వేసి, ఆటో ఎక్కి కోటప్పకొండకు వెళ్లిపోయింది.

అదే పొద్దున వెంకటసాయి దుర్గిలో విగ్రహాన్ని ట్రాక్టర్ మీదకు ఎక్కించాడు. అక్క పుట్టినరోజు దగ్గరపడింది, ఇంటి ముందు నిలబెట్టి ఆమెను ఆశ్చర్యపరచాలని ఉబలాటం. శిల్పి మర్యాద తెలిసినవాడు, బంతిపూల దండ వేసి సాగనంపాడు. అంతకుముందే పీఠం మీద పేరు చెక్కి, దాని కింద పుట్టిన సంవత్సరం చెక్కి, పక్కన చిన్న గీత పెట్టి, ఆపైన ఖాళీ వదిలాడు. పోయిన తేదీ ఎవరూ చెప్పలేదాయె, దుఃఖంలో ఉన్నవాళ్లను గుచ్చిగుచ్చి అడగడం దేనికని ఊరుకున్నాడు. ఆ గీత వెంకటసాయి కంట పడలేదు. కారెంపూడి సెంటర్లో ట్రాక్టర్ ఆపి అతను టీ తాగడానికి వెళ్లినప్పుడు జనం కంట పడింది.

"అయ్యయ్యో, పేట కోటేశ్వరమ్మ పోయిందంట్రా!"

ఎవరో ఫొటో తీసి గ్రూపుల్లో పెట్టారు. ఇక దాన్ని ఎవరు ఆపగలరు? అబద్ధమని చెప్పాల్సిన తమ్ముడి ఫోన్, దారిపొడుగునా విగ్రహాన్ని వీడియో తీసీ తీసీ చార్జింగ్ అయిపోయి మూగబోయింది. అక్క ఫోన్ బీరువాలో ఉంది. నగరంలో మేయరాఫీసు వాళ్లు ఎన్నిసార్లు చేసినా కలవక, నిజమే కాబోలనుకుని బావురుమన్నారు.

మధ్యాహ్నం ఆటో దిగిన కోటేశ్వరికి బజారు వింతగా కనిపించింది. కొట్లన్నిటికీ షట్టర్లు సగానికి దించి ఉన్నాయి. వ్యాపారస్తుల ఇళ్లలో ఎవరైనా పోతే ఆ బజారు మర్యాద అది. సగమే ఎందుకంటారా? దుఃఖమూ ఉండాలి, బేరమూ పోకూడదు.

మూల మీద ఖాతూన్ బీ గాజుల కొట్టు. పసితనం నుంచి కోటేశ్వరి చేతులకు గాజులు తొడిగిన మనిషి, అరుగు మీద కూర్చుని కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది.

"ఎవరు పోయారు?" అని అడిగింది కోటేశ్వరి మాస్కు వెనక నుంచి.

"ఇంకెవరమ్మా, మా కోటేశ్వరి. మేయరు! ఏ ఊరు నీది, ఆ మాత్రం తెలవదా?"

కోటేశ్వరి నోరు తెరవబోయింది గానీ ఖాతూన్ బీ సందివ్వలేదు.

"చానా మంచి పిల్లమ్మా. మా ఆయన ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ నగరం నుంచి ఫోన్ చేసేది. ఆయనకెట్లుందని అందరూ అడిగారు. పిన్నీ, నువ్వు తిన్నావా అని అడిగింది అదొక్కతే."

కోటేశ్వరికి ఆ ఫోన్లు గుర్తు కూడా లేవు. తను వేయించిన పైపులు, రోడ్లు, వంతెనలు మాత్రం పార్టీ పెద్దలకు వినిపించీ వినిపించీ కంఠతా వచ్చేశాయి.

"పిన్నీ..." అంటూ మాస్కు మీద చెయ్యి వేసింది. సరిగ్గా అప్పుడే ఎదురు సెల్‌ఫోన్ కొట్టులో మీరా సాహెబ్ టీవీ సౌండు పెంచాడు. తెర మీద పార్టీ జాతీయ అధ్యక్షుడు దిగులు మొహంతో కనిపించాడు.

"నరసరావుపేట నుంచి ఆమెనే పార్లమెంటుకు పంపాలని ఎప్పుడో నిర్ణయించుకున్నాం. పల్నాడంతా కన్నీరు పెడుతోంది. అలాంటి అభ్యర్థి మాకు మళ్లీ దొరకదు!"

మాస్కు మీద చెయ్యి అక్కడే ఆగింది. ఇన్నేళ్లు రాజకీయం చేసిన మనిషికి ఎప్పుడు మాట్లాడాలో కన్నా ఎప్పుడు నోరు మూసుకోవాలో బాగా తెలుసు. ఆయన కళ్లు తుడుచుకుని, దండం పెట్టి తప్పుకునేదాకా ఓపిగ్గా నిలబడింది. అప్పుడు మాస్కు తీసింది.

"యా అల్లా!" అని ఖాతూన్ బీ కెవ్వుమంది. చెయ్యి పట్టుకుని గిల్లి చూసింది. మనిషేనని తేలాక వీపు మీద ఒక్కటి చరిచింది. "ఏమే, పెద్దదాన్ని ఊరికినే ఏడిపిస్తావా!"

అంతలో ట్రాక్టర్ వచ్చింది. దారిపొడుగునా జనం దండాలు పెడుతుంటే, అక్క పలుకుబడి ఇంత పెరిగిందా అని వెంకటసాయి పొంగిపోతూ వచ్చాడు.

"అక్కా, సర్‌ప్రైజ్!"

కోటేశ్వరి పీఠం మీద గీత చూసింది, పక్కనున్న ఖాళీ చూసింది.

"ఒరేయ్ సాయీ, ఈ ఖాళీ ఏందిరా?" అని అడిగి, వాడి తెల్లబోయిన మొహం చూసి నవ్వాపుకోలేక ట్రాక్టర్ పట్టుకుని నిలబడింది.

ఆ నవ్వు సర్దుకున్నాక మీరా సాహెబ్ ఫోన్ తీసుకుని, ఢిల్లీలో టికెట్ల వ్యవహారం చూసే పెద్దమనిషికి కలిపింది.

"సార్, నేను కోటేశ్వరిని. బతికే ఉన్నాను. అధ్యక్షుల వారి మాటలు ఇప్పుడే టీవీలో విన్నాను. ఎప్పుడో నిర్ణయించారట కదా, నామినేషన్ ఎప్పుడు వెయ్యమంటారు?"

ఆయన అధ్యక్షుణ్ని అడిగి చెబుతానని ఫోన్ పెట్టేశాడు. ఆ మాట వెనక్కి తీసుకోవాలంటే, పోయిందనుకున్నాం కాబట్టి పొగిడాం అని దేశానికి చెప్పుకోవాలి. అంత ధైర్యం ఏ పార్టీకి ఉంటుంది? పొద్దుగూకేలోపే టికెట్ ఆమెకేనని ప్రకటన వచ్చింది.

షట్టర్లు దడదడమంటూ పైకి లేచాయి. కోటేశ్వరి సంతోషం పట్టలేక ఖాతూన్ బీ అరుగు మీద కూర్చుని చేతులు చాచింది. ఖాతూన్ బీ కొత్త గాజులు తొడగడం మొదలుపెట్టింది.

"పిన్నీ, ఢిల్లీకి పోతన్నా. ఓటేస్తావా?"

"ఎయ్యకేం చేస్తా? అది సరేగానీ, నగరమంతా పైపులేయించావంట. మన వీధి కాలవ ఎప్పుడన్నా చూశావా? వానొస్తే నా కొట్లోకి మోకాలిబంటి నీళ్లు. ఏం మేయరువే నువ్వు?"

"మధ్యాహ్నం చానా మంచి పిల్లనన్నావు గదా?"

"అప్పుడు పోయావు గదే. పోయినోళ్లని కాలవ తియ్యమని అడుగుతామా? ఇప్పుడున్నావుగా, తియ్యి."

కోటేశ్వరి పకపకా నవ్వింది. టీవీలో అంత పెద్దమనిషి పొగిడినప్పుడు కూడా ఆమె మనసు ఇంతగా నిండలేదు. గాజుల చేతులు వెనక్కి తీసుకుని, చెప్పుల్లో కాళ్లు పెట్టి లేచింది.

"పద పిన్నీ, ఎక్కడ పూడిపోయిందో చూపించు."