గోడవైపు తిరిగిన అక్క

ఆ ఇంట్లో ఎవరిమీదైనా కోపం వస్తే నోరు పారేసుకోరు. వాళ్ళ బొమ్మను గోడవైపు తిప్పేస్తారు. తాతగారు ఇంటిల్లిపాదినీ రంగుల్లో గీసిపెట్టిన పుణ్యమాని, అలగడానికి బొమ్మలకు కొదవ లేదు. అలా తిప్పేసిన బొమ్మ మళ్ళీ ఇటు తిరగాలంటే ఒకటే దారి. అందులోని మనిషే వచ్చి, తిప్పినవాళ్ళను "నన్ను తిప్పు" అని అడగాలి. నాయనమ్మ పుణ్యమా అని తాతగారి బొమ్మ గోడ చూసినన్ని రోజులు గది చూసి ఉండదు!

ఇప్పుడా ఇల్లు మ్యూజియం. నాన్న పోయేముందు ఊరికి రాసిచ్చేశాడు. చిన్నకూతురు వాకిట్లో బల్ల వేసుకుని టికెట్లు చింపుతుంది. అందరికీ ఆవిడ పిన్నిగారు. పెద్దకూతురు కాపురం రెండు వీధుల అవతలే అయినా, ఆ తర్వాత గుమ్మం తొక్కితే ఒట్టు.

"పుట్టినింట్లోకి టికెట్టు కొనుక్కుని రావాలా? చచ్చినా రాను" అని భీష్మించుకు కూర్చుంది.

"నీకు టికెట్టెందుకక్కా, ఊరకే రా" అంటే, "ఊరకే రావడానికి నేనేమన్నా దిక్కులేనిదాన్నా?" అంది.

ఇలాంటి మనిషితో ఎలా వేగడం? పిన్నిగారికి ఒళ్ళు మండింది. గదిలోకి వెళ్ళి, జడ ముందుకేసుకుని నవ్వుతున్న చిన్నప్పటి అక్కను గోడవైపు తిప్పేసింది.

కొత్తగా వచ్చిన క్యూరేటర్ కుర్రాడు గతుక్కుమన్నాడు.

"పిన్నిగారూ, జనం టికెట్టు కొని బొమ్మ వీపు చూడాలా?"

"చూడనీ బాబూ. నేను చూడట్లేదూ, మా అక్క వీపు?"

"సోమవారానికల్లా తిప్పకపోతే స్టోర్‌రూంలో పెట్టించేస్తాను. ఆపైన నన్ను తిట్టుకోకండి."

స్టోర్‌రూం అంటే వెనకాల చీకటికొట్టు. చిన్నప్పుడు అక్కకు ఆ గదంటే హడలు. చెల్లెలి చెయ్యి పట్టుకోకుండా ఆ ఛాయలకే పోయేది కాదు. గుట్టుగా తిప్పేస్తే ఎవరు చూడొచ్చారని పిన్నిగారు చెయ్యి చాపింది కూడా. కానీ తనే తిప్పేస్తే అక్క ఇక రానట్టే. పౌరుషం ఒక్క అక్క సొత్తేనా! ఫోన్ చేసి, "నిన్ను చీకటికొట్లో పెడుతున్నారు" అని చెప్పి పెట్టేసింది.

ఆదివారం సాయంత్రం బల్లమీద ఎవరో డబ్బులు పెట్టారు.

"ఒక టికెట్టు."

తలెత్తితే అక్క.

"అక్కా, నీకు టికెట్..."

"నోరు మూసుకుని చింపవే."

టికెట్టు వంకరగా చిరిగింది.

చెల్లెలు వెంట రాగా అక్క గదిలోకి నడిచి, తన బొమ్మ వీపును చూసింది. పక్కనే ఉన్న చిన్నప్పటి చెల్లెలి బొమ్మను పట్టుకుని గోడవైపు తిప్పేసింది.

"అదేంటక్కా! నేనేం చేశాను?"

"నాన్న ఇల్లిచ్చేస్తున్నాడని నీకు ముందే తెలుసు. నాతో ఒక్క మాటన్నావా?"

అదా సంగతి! ఇన్నాళ్ళూ టికెట్టు మీద పెట్టి తిట్టింది దీనికన్నమాట.

"చెబితే ఏడుస్తావని..."

"ఏడిస్తే ఏడ్చేదాన్ని. నీ పక్కన కూర్చుని ఏడ్చేదాన్ని కదే. నా ఇంట్లో ఒక్కదాన్నే ఏడ్చాను."

తలుపులు మూయడానికొచ్చిన క్యూరేటర్ గోడ చూసి లబోదిబోమన్నాడు. "రెండోదీనా! ఉండండి, నేను తిప్పేస్తాను."

"నువ్వాగు!" ఇద్దరూ ఒక్కసారే కసిరారు.

"నన్ను తిప్పక్కా" అంది చెల్లెలు, కళ్ళు తుడుచుకుంటూ.

"ముందు నన్ను తిప్పవే" అని అక్క ఆ చెయ్యి పట్టుకుంది. "ఆ కొట్టంటే నాకిప్పటికీ భయమే."