మేనమామ అమ్మిన వాటా

సాయంత్రాలు మగవాళ్లు చేరే ఏ దివానియాలో విన్నా కువైట్‌లో అదే ఊసు: లుల్వా కంపెనీ షేరు రోజురోజుకీ దిగజారుతోంది. దించుతున్నది పరాయివాడు కాదు, సొంత మేనమామ అబూ బర్జస్. లుల్వా తర్వాత అంత పెద్ద వాటా ఆయనదే. రోజూ కొంచెం కొంచెం అమ్ముతున్నాడు, ఎందుకో చెప్పడు. ఇంకేముంది! మేనమామే జారుకుంటున్నాడంటే లోపల ఏదో కుళ్లిందని ఊరంతా కోడై కూసింది.

కుళ్లడమా! ఆసుపత్రులు వాడే ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్‌ను లుల్వా రెక్కలు ముక్కలు చేసుకుని తయారుచేసింది. ఆమెను నమ్మి, జీతంలో కొంత షేర్లుగా తీసుకున్న కుర్రకారు ఇప్పుడు మొహాలు వేలాడేసుకుని వేరే ఉద్యోగాలు వెతుక్కుంటున్నారు. వాళ్లు పోతే ఇక కంపెనీయే లేదు.

ఆ సాయంత్రం లుల్వా తిన్నగా మామ దివానియాలోకి నడిచింది. కూర్చున్నవాళ్లు ఉలిక్కిపడ్డారు.

"ఆడవాళ్ల గది అటుంది కదమ్మా," అని మామ కొడుకు ఫలాహ్ వెక్కిరించాడు.

"తెలుసులే బావా. నీ కబుర్లు వినడానికి రాలేదు."

కాఫీ ఇచ్చారు. ఆమె తాగకుండా కప్పు కింద పెట్టింది. అందరి చూపులూ ఆ కప్పు మీదికే తిరిగాయి. అలా పెడితే అతిథికి ఏదో కావాలని అర్థం. కాదంటే ఇంటి పరువు పోతుంది.

"తాగమ్మా, నీ కోరిక తీరినట్టే," అన్నాడు అబూ బర్జస్ దిగులుగా. "అమ్మొద్దంటావు, అంతేగా?"

"అమ్ము మామయ్యా! మొత్తం అమ్మేయ్. ఒక్కరోజులో, అందరికీ చెప్పి మరీ."

"పిచ్చెక్కిందా నీకు?" అన్నాడు ఫలాహ్.

ముసలాయన ఆమె చెవి దగ్గరికి వంగాడు. "నీకు దెబ్బ తగలకూడదనే కదే చిటికెడు చిటికెడు అమ్ముతున్నా! కిడ్నీ రోగులకి ఆసుపత్రి కట్టిస్తున్నా. దానం చాటుకోకూడదని నోరు మూసుకున్నా."

లుల్వాకి కళ్లు చెమర్చాయి. "ఎందుకో ఎవరికీ చెప్పకు. ఇంకా ఎంత అమ్ముతావో తెలీకే జనం హడలిపోతున్నారు. అమ్మడం అయిపోతే ఆ భయమూ పోతుంది. నా కంపెనీ తన కాళ్ల మీద నిలబడగలదు మామయ్యా," అని కప్పు ఎత్తి గడగడా తాగేసింది.

మర్నాడు పొద్దున్నే ప్రకటన వచ్చింది. షేరు ధబీమని పడింది. లుల్వా పైకి చెక్కు చెదరకుండా ఆఫీసులో ఖర్జూరాల పళ్లెం తిప్పింది. మామ దగ్గర ఇక అమ్మేందుకేమీ మిగల్లేదని తెలిశాక, కాచుకుని కూర్చున్నవాళ్లంతా కొనడానికి ఎగబడ్డారు. వారం తిరిగేసరికి షేరు పాత ధర దాటేసింది. పోతామన్న కుర్రాళ్లు ఒక్కరూ కదల్లేదు.

అప్పుడు అబూ బర్జస్ ఆమె ఆఫీసుకొచ్చాడు. కాఫీ తాగకుండా కప్పు బల్ల మీద పెట్టాడు.

లుల్వా నవ్వాపుకుంది. "తాగు మామయ్యా, నీ కోరిక తీరినట్టే."

"మనవరాలి పేరున నీ షేర్లు కొన్ని కావాలే. నీ చేత్తో ఇయ్యి."

"ఇస్తా. ఇవాళ్టి ధరకే!"

ముసలాయన పకపకా నవ్వాడు. కప్పు ఖాళీ చేసి, బయట కూర్చున్నవాళ్లందరికీ వినపడేలా అరిచాడు:

"శభాష్! నా చెల్లెలి కడుపున పులి పుట్టింది!"